లాగి చూడు

కోవెంట్రీలో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
ఆసుపత్రి మందుల గదిలో డ్యూటీ దిగి వచ్చి
ఇంటికి మూడిళ్ళ అవతల కారు ఆపి
బొత్తాం నొక్కి
నాలుగడుగులు వేశాక మొదలవుతుంది నాకు:
వేశానా?
పసుపు దీపాలు రెండుసార్లు మెరిసినట్టే ఉంది.
అది నిన్నటి మెరుపేమో.

వెనక్కెళ్ళి పిడి పట్టుకుంటే
టక్కున తెరుచుకుంటుంది.
కోటు జేబులో తాళం ఉంది కదా,
నన్ను గుర్తుపట్టింది.
ముందే తెరిచి ఉందా,
నన్ను చూసి తెరుచుకుందా,
అడిగితే చెప్పదు.
మళ్ళీ నొక్కుతాను. మళ్ళీ నాలుగడుగులు.

పోయిన నెల పన్నెండు, పొద్దున్న.
తలుపులన్నీ వేసే ఉన్నాయి. అద్దం పగల్లేదు.
లోపల సొరుగు మాత్రం నాలుక బయటపెట్టి వేలాడుతోంది.
పోయినవి: ఫోను చార్జరు, నల్ల కళ్ళద్దాలు,
సూపర్ మార్కెట్ బండికి పెట్టే ఒక్క పౌండు బిళ్ళ,
పిల్లదాని ఎడమచేతి గ్లవ్.
కుడిది వదిలేశారు.
ఎందుకో ఆ కుడిది చూశాకే ఏడుపొచ్చింది.
కారు జోలికి పోలేదు. పాతదని కాబోలు.
అదీ కాస్త చిన్నతనంగానే అనిపించింది.

పోలీసులు ఒక నంబరిచ్చారు.
బీమా కంపెనీ కుర్రవాడు మర్యాదగా,
"బలవంతంగా తెరిచిన ఆనవాళ్ళు లేవు మేడమ్.
తాళం వేశారా? కచ్చితంగా?"
ఆ కచ్చితంగా దగ్గర ఒక్క క్షణం ఆగాను.
ఆ క్షణాన్ని కూడా రాసుకున్నాడు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరిగిన కుక్కలా
మూల మీది ఇల్లు తొమ్మిది రోజులకి వీడియో పంపింది.
ఇద్దరు పిల్లలు. పదిహేడుండవు.
ఒకడు మా గుమ్మం ముందు
నల్లటి పలకేదో హారతి పళ్ళెంలా పట్టుకు నిలబడ్డాడు.
రెండోవాడు కారు దగ్గర.
మేకుకి వేలాడే తాళం రాత్రంతా కలవరిస్తూనే ఉంటుందట.
వాడు తలుపు సందులోంచి ఆ కలవరింత పట్టి అందిస్తే
వీడు నా గొంతుతో కారు చెవిలో చెప్పాడు.
అది నమ్మింది.
కుక్కైతే కనీసం వాసన చూసేది.
"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు"
అన్నాడు మా ఆయన, తాళాన్ని చూస్తూ.

పక్కింటి ఐరిస్ పెటిఫర్‌కి ఎనభై ఒకటి.
ఈ ఊరి కార్ఖానాలో పంతొమ్మిదేళ్ళు
కారు తలుపులకి తాళాలు బిగించింది,
రోజుకి రెండొందల పది.
బిగించిన ప్రతిదాన్నీ ఒకసారి లాగి చూడాలి. అదీ రూలు.
ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు వేసి లాగి చూస్తుంది.
వాళ్ళాయన శవపేటిక మూత కూడా లాగి చూశానంది, నవ్వకుండా.
నా గోలంతా విని, టీ చల్లార్చుకుని,
"ఎవరైనా ఇంకొకళ్ళు తాళం పట్టుకోవాలి.
నాకిచ్చి నువ్వెళ్ళు," అంది.

అప్పట్నించి రోజూ ఆరుకి ఇరవై నిమిషాలుండగా
ఐరిస్ చెప్పులతో గుమ్మంలో నిలబడుతుంది.
చేతిలో బిస్కెట్ డబ్బా, డబ్బాలో నా తాళం,
మూత మీద బొటనవేలు.
నేను ఉత్త చేతులతో
నా కారు దగ్గరికే దొంగలా నడుస్తాను,
పిడి పట్టుకుని లాగుతాను.
రాదు.
తడి రోడ్డు మీద, దీపం కింద,
నేనెవరో ఎరగనట్టు నిలబడుతుంది.
ఎవరైనా నన్ను గుర్తుపట్టకపోతే
ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"లాగావా?" అరుస్తుంది ఐరిస్, వీధంతా వినపడేలా.
లాగాను.
"గట్టిగా?"
గట్టిగానే.

డబ్బా తీసుకుని ఇంట్లోకొచ్చి బూట్లు విప్పుతుంటే
గోడ అవతల
ఆమె తలుపు పడిన చప్పుడు,
ఆ వెనకే
ఒకసారి లాగిన చప్పుడు.